బాపు వదిలిన జాగ

పోయిన నెల సూరత్‌లోని పర్వత్ పాటియాలో మా వాళ్లింట ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నావిడ కోస్తా వైపు మనిషి, భర్త హజీరాలో ఏదో పెద్ద కంపెనీలో ఇంజనీరట, మర్యాదస్తురాలే, కాదనను. మాటల్లో మాటగా మీ చిన్నతనం ఎక్కడ గడిచిందని అడిగితే, ఈ సూరత్‌లోనే అమ్మ, అక్క, నేను ఉండేవాళ్లమని, మా బాపు మస్కట్‌లో పనిచేసేవాడని చెప్పాను. ఆవిడ చేతిలోని పూరీ ముక్కను విస్తట్లో పెట్టేసి, అయ్యో పాపం, తండ్రి ఉండి కూడా లేనట్టే పెరిగారన్నమాట అంది. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. నా మనవరాలి నాన్న దోహాలో ఉంటాడని అప్పటికే విని ఉన్నది కాబట్టి, దాని వైపు తిరిగి, గడ్డం పట్టుకొని, ఇంకో పాపం అంది.

నాకు ఒళ్లు మండింది. పెళ్లివారింట రచ్చ ఎందుకులే అని నోరు మూసుకున్నాను గానీ, నేను నోరు మూసుకోవడం ఎంత అరుదో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు. ఆటోలో ఇంటికి వస్తుంటే మనవరాలు, రెండో తరగతి పిల్ల, చాలాసేపు బజారు చూస్తూ ఉండి, చివరికి నా మోచెయ్యి లాగి, "నానమ్మా, ఆ ఆంటీ మనల్ని బిచారే అన్నదా?" అని అడిగింది. బిచారే అంటే హిందీలో పాపం వాళ్లు అని. కాదని చెప్పాను. ఎందుకు కాదో చెప్పడానికి ఆటోలో తీరిక లేదు, పక్కన కోడలు కూర్చొని బయటికి చూస్తోంది. అప్పటినుంచీ ఆ మాట నా లోపల అరగలేదు. అందుకని ఇది రాస్తున్నాను. నా ఈడు వాళ్లు, గల్ఫుకు వెళ్లిన తండ్రుల బిడ్డలు, చదివి అవునో కాదో వాళ్లే చెప్పాలి.

మాది సిరిసిల్ల పక్క ఊరు. పుస్తకాల్లో మరమగ్గాలని రాస్తారు గానీ మేం సాంచెలనే అంటాం. ఆ సాంచెల పని వెతుక్కుంటూ మా అమ్మా బాపూ పెళ్లయిన కొత్తలోనే సూరత్ వచ్చారు, అక్కా నేనూ ఇక్కడే పుట్టాం. ఇంటికి ఒక గోడ అవతల సాంచెల షెడ్డు, రోజంతా టకటకా టకటకా, గిన్నెలో నీళ్లు పోసి పెడితే ఆ నీళ్లు కూడా వణికేవి. ఆ మోతలో పుట్టి పెరిగినవాళ్లం కనుక మా వాళ్లంతా గట్టిగా మాట్లాడతారు, కొత్తగా వచ్చినవాళ్లు కొట్టుకుంటున్నారేమోనని పరుగెత్తుకొస్తారు. ఇప్పటికీ నేను ఫోన్లో మాట్లాడితే మా కోడలు తలుపు వేస్తుంది.

బాపు పనిచేసే షెడ్డు మూతపడింది. ఊరి మనిషి ఒకాయన మస్కట్‌లో ఉండి వీసా పంపితే బాపు వెళ్లాడు. మా వైపు ఎవరు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు కదా, గల్లీలో మాది దుబాయోళ్ల ఇల్లయిపోయింది. అమ్మకు అది నచ్చేది కాదు. పాలు పోసేవాడు అన్నా, పక్కింటి గుజరాతీ బేన్ అన్నా, ఆగి, చేతిలో పని ఆపి, మస్కట్ అని దిద్దేది. మనిషి ఎక్కడున్నాడో సరిగ్గా చెప్పకపోతే తప్పిపోయినట్టు ఉంటుందని ఆమె బాధ.

మొగుడు దుబాయి పోతే పెళ్లాం పిల్లల్ని తీసుకొని అత్తగారి ఊరికి పోవాలి, మా వైపు ఇది ఎవరూ రాయని చట్టం. ఇక్కడ మా గల్లీలోనే అట్లా ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో. బాపు వెళ్లిన కొన్నాళ్లకే మా పెద్దబాపు, అంటే బాపుకు సొంత అన్న, మమ్మల్ని తీసుకుపోవడానికి రైలు దిగాడు. అమ్మ అన్నం పెట్టింది, మంచం వేసింది, రానని చెప్పింది. ఎందుకని అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఆయన వచ్చేది ఈ ఇంటికి బావా. నేను ఊరికొస్తె మీ ఇంటికి రావాలె. చుట్టం లెక్క."

పెద్దబాపు చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. తమ్ముడంటే ప్రాణం. కాని ఊళ్లో నలుగురూ మీ తమ్ముని పెళ్లాం పరాయి రాష్ట్రంలో ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకొని ఒక్కతే ఉంటుందట గదా అంటుంటే ఆయన తలెత్తుకోలేకపోయేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పెద్దమ్మ మా అమ్మను వెక్కిరించేది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవులే అనేది అమ్మ, అదీ వాళ్లు రైలెక్కాక. ముఖం మీద అనే రకం కాదు, ఆ పని దేవుడు నాకు అప్పజెప్పాడు.

అమ్మ ఇంట్లోనే కండెలు చుట్టేది. కండె అంటే సాంచె మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు పుల్ల. చిన్న మోటారు మిషను, దాని మీద పోగులు సర్రున తిరుగుతుంటాయి, పోగు తెగిందంటే ఒక చేత్తో స్విచ్చి ఆపాలి, రెండో చేత్తో రెండు కొసలూ పట్టి ముడివేయాలి, మళ్లీ వదలాలి. ఆమె అటు మాతో మాట్లాడుతూనే, ఇటు కూర పొయ్యి వైపు చూస్తూనే, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయేది. ఆ చెయ్యి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక క్యాసెట్ల సంగతి. మన తరం వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. బాపుకు ఉత్తరం రాయడం రాదు, అమ్మకు చదవడం రాదు, మాట మాత్రం ఇద్దరికీ వచ్చు. సెలవు మీద వచ్చిన ఒకాయన చేత బాపు టేపు రికార్డరు పంపాడు, రెండు స్పీకర్లది, నొక్కితే ఎర్ర దీపం వెలిగేది. దానితోపాటు ఒక క్యాసెట్టు. మొదటి క్యాసెట్టులో ఆయన ఊపిరి తిప్పుకోకుండా ఒకటే మాట్లాడాడు, ఎండ సంగతి, గదిలో మనుషుల సంగతి, మలబారు వంటవాడు కొబ్బరి లేకుండా ఏదీ వండడన్న సంగతి. విన్నాక అమ్మ జవాబు క్యాసెట్టు నింపుతూ మొట్టమొదట చెప్పింది ఏమిటో తెలుసా. "నువ్వు మాట్లాడుకుంటనే పోతె మేమెప్పుడు మాట్లాడాలె? జర నడుమ నడుమ జాగ వదులు."

అప్పటినుంచి బాపు జాగ వదలడం మొదలుపెట్టాడు. బిడ్డా, బడికి పోతున్నవా అని అడిగి ఆగేవాడు. ఆ ఆగిన చోట టేపు తిరుగుతూనే ఉండేది, మేం ఇక్కడ జవాబు చెప్పేవాళ్లం, పోతున్న బాపూ, ఇయ్యాల లెక్కల సారు నన్ను మెచ్చుకున్నడు అని. మా జవాబు అయ్యేసరికి ఆయన అక్కడ ఊఁ అని, మంచిగ సదువు అనేవాడు. ఎవరెంత మాట్లాడతారో ఆయనకు తెలుసు. వసపిట్టను కనుక నాకు చాలా పెద్ద జాగ. అమ్మకు అంతకంటే కొంచెం తక్కువ. అక్క మాటకు ఒక మాట చెప్పే పిల్ల, దానికి చిన్న జాగ. ఆ జాగల్లో ఆయన గది వినిపించేది, ఎవరో దగ్గడం, గిన్నె కింద పడడం, ఒకసారి ఎవరో అరే ఎవలతోని మాట్లాడుతున్నవే అని నవ్వడం, బాపు ఇంట్లోళ్లతోని అనడం. నాకు మస్కట్ అంటే ఆ గది చప్పుడే, సముద్రమూ కొండలూ ఫొటోల్లో చూసింది చాలా తరువాత.

టేపు రికార్డరును అమ్మ బల్ల మీద పెట్టేది కాదు. బాపు అన్నానికి కూర్చునే పీట ఒకటి ఉండేది, గుమ్మానికి ఎదురుగా. దాని మీద పెట్టేది. మేం ముగ్గురం చుట్టూ కూర్చునేవాళ్లం, పక్కింటి బేన్ గుమ్మంలో నిలబడి, భాయ్ శుం కహే ఛే, భాయ్ ఏమంటున్నాడని అడిగేది, నేను అనువాదం చేసేదాన్ని, ఆమె అక్కడినుంచే బాపును కేమ్ ఛో, బాగున్నావా అని పలకరించేది. ఇదంతా చూసినవాళ్లు నవ్వేవాళ్లు. డబ్బాతో మాట్లాడుతున్నారని మా బడిలో ఒక పిల్ల అంటే దాని జడ పట్టుకొని లాగాను. టీచరు ఇద్దర్నీ బయట నిలబెట్టింది. అయినా సరే, ఆ పిల్ల తండ్రి రోజూ ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా పడుకునే మనిషని నాకు తెలుసు. దానికి పాపం అన్నవాళ్లు ఎవరూ లేరు.

పెద్దబాపు వచ్చినప్పుడు మాత్రం ఆ పీట మీది టేపు రికార్డరు తీసి పక్కన పెట్టి, తానే అక్కడ కూర్చునేవాడు. అమ్మ అన్నం వడ్డించేది. నేను మాత్రం ఆయన లేచేవరకూ ఆ పీట వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

నేను పదో తరగతిలో ఉండగా అక్కకు సంబంధం కుదిరింది. పిల్లవాడు పల్సానాలో రంగులద్దే మిల్లులో పని, వాళ్లదీ మన వైపే, మంచివాళ్లు. బాపు సెలవు పెట్టుకున్నాడు, ముహూర్తం ఆయన్ను అడిగే పెట్టుకున్నాం. పెళ్లి దగ్గర పడుతుండగా ఫోన్ల దుకాణం అబ్బాయి పరుగెత్తుకొచ్చి మస్కట్ నుంచి ఫోనని పిలిచాడు. అమ్మ వెనకే నేనూ పరుగెత్తాను. అక్కడ ఆయన పాస్‌పోర్టు షేక్ దగ్గర ఉంది, పని ఎక్కువగా ఉందని సెలవు ఇవ్వనన్నాడట. బాపు ఫోన్లో ఏడుస్తున్నాడని అమ్మ ముఖం చూసే నాకు అర్థమైంది. అన్నను కాళ్లు కడగమను, ఇంకేం చేస్తం అన్నాడు. మా వైపు కన్యాదానాన్ని కాళ్లు కడగడమనే అంటారు, పిల్ల తల్లిదండ్రులు పిల్లవాడి కాళ్లు కడిగి పిల్ల చెయ్యి అతని చేతిలో పెడతారు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, ఆ చిన్న గాజు గదిలో నిలబడి, బయట లైన్లో ఉన్న జనమంతా వినేటట్టు చెప్పింది. "ఎవ్వలు కూసునేది లేదు. నువ్వే కూసోవాలె. అయ్యగారు ఏమేం చెప్పిస్తడో అడిగి నీకు చెప్తా. అవి టేపుల చెప్పి పంపు. నడుమ జాగ వదులు." నవ్వుతరే అన్నాడు బాపు. "నవ్వనీ."

అమ్మ పట్టు ఎందుకో అర్థం కావాలంటే పెద్దబాపు మాట కూడా చెప్పాలి. ఆయన పెద్దమ్మను వెంటబెట్టుకొని, కొత్త ధోవతి సంచిలో పెట్టుకొని, పెళ్లికి ముందే దిగాడు. దిగుతూనే అందరి ముందూ చెప్పాడు, తమ్ముడు లేడు కనుక పెద్దదాని పెండ్లిల కాళ్లు నేను కడుగుతాను, కడిగినాక ఇగ ఈ ఇంటి బరువు నాదే, పెండ్లి కాంగనే ఇల్లు ఖాళీ చేసి తల్లీ చిన్నదీ ఊరికి రావాలె, చిన్నదాన్ని కూడా ఊర్లనే మంచి ఇల్లు చూసి ఇచ్చేద్దామని. చిన్నది అంటే నేను. పరీక్షలు ఇంకా రాయనే లేదు. పెళ్లినాడు బాపు పీట మీద ఎవరు కూర్చుంటారన్న దాని మీద నా చదువు, మా ఇల్లు, బాపు తిరిగొచ్చే గుమ్మం, అన్నీ వేలాడుతున్నాయి.

క్యాసెట్టు సమయానికి వచ్చింది, ఎవరో మహానుభావుడు బొంబాయిలో విమానం దిగి, తన ఊరి బండి ఎక్కకుండా, ముందు సూరత్ వచ్చి చేతికిచ్చి వెళ్లాడు. అమ్మ బాపు పీటకు పసుపు రాసి, దాని మీది టేపు రికార్డరులో క్యాసెట్టు పెట్టి, పైన ఆయన కండువా కప్పింది. పెద్దబాపు అది చూసి మండిపడ్డాడు. "నేను బతికుండంగ నా తమ్ముని బిడ్డ పెండ్లిల డబ్బ కూసుంటదా?" అన్నాడు. అమ్మ తల మీద కొంగు లాక్కొని, తలుపు వైపు చూస్తూ, "అది డబ్బ కాదు బావా. మీ తమ్ముడు" అంది. పెళ్లి చేయించే అయ్యగారిని అడిగారు. ఆ ముసలాయన సూరత్‌లో మిల్లు మనుషుల పెళ్లిళ్లే చేసి చేసి ఎన్ని రకాల సంసారాలు చూశాడో, కాసేపు ఆలోచించి, ఇచ్చేవాని మాట కావాలె, మాట ఉన్నది, ఇగ ఆయన చేతులు అంటారా, భార్య చేతులున్నయి గదా అన్నాడు. పెద్దబాపు వెళ్లి పందిరి చివర దారపు పెట్టె మీద కూర్చున్నాడు. కొత్త ధోవతి సంచిలోనే ఉండిపోయింది.

మా గల్లీలోనే పందిరి. షెడ్డుకు ఆ రోజు సెలవు కాదు, సాంచెలు పక్కనే మోగుతున్నాయి, మాకది అలవాటే కనుక ఎవరికీ ఆలోచన రాలేదు. అక్క పట్టుచీరలో తల వంచుకొని కూర్చుంది, ఎదురుగా పిల్లవాడు, ఈ పక్క అమ్మ, అమ్మ పక్కన పీట మీద బాపు. నీళ్లు పోయడానికి చెంబు పట్టుకొని నేను నిలబడ్డాను. అయ్యగారు మొదలుపెట్టమన్నాడు, అమ్మ బటను నొక్కింది. బాపు గొంతు వచ్చింది, కాని ఆ మోతలో పక్కన నిలబడ్డ నాకే సగం వినిపించలేదు. గొంతు పెంచితే స్పీకరు చీరుకుపోయినట్టు గీపెట్టింది. పైగా అయ్యగారు నిదానం మనిషి, ఒక్కొక్క మంత్రాన్నీ సాగదీస్తాడు, బాపు పాపం తన అంచనా కొద్దీ జాగలు వదిలాడు గానీ అవి చాల్లేదు. అయ్యగారు ఇంకా గోత్రం దగ్గరే ఉండగా అక్కడ బాపు నా బిడ్డను నీ చేతుల పెడుతున్న అనేశాడు. పందిట్లో నవ్వులు లేచాయి. పిల్లవాడి తండ్రి మంచివాడే గానీ ఆయనకూ ఓపిక ఉండాలి గదా, లేచి నిలబడి, "ఏంది గిట్ల? ఇనొస్తలేదు, పొంతన కుదుర్తలేదు. పెద్దాయన ఉన్నడు గదా, ఆయన్నే రమ్మనుండ్రి" అన్నాడు.

అందరి తలలూ పందిరి చివరికి తిరిగాయి. అమ్మ మాత్రం ఎవరివైపూ చూడలేదు. టేపును వెనక్కి తిప్పింది. అది కీచుమంటూ తిరుగుతుంటే, అంతమందిలో, నవ్వేవాళ్లు నవ్వుతుంటే, ఆమె వేలు బటను మీద పెట్టుకొని కూర్చుంది.

పెద్దబాపు లేచాడు. కండువా దులుపుకొని ముందుకు నడిచాడు. పెద్దమ్మ సంచిలోంచి ధోవతి తీయబోయింది. ఇగ అయిపోయింది, ఊరికి పోవుడే అనుకున్నాను. ఆయన పందిరి మధ్యకు వచ్చాడు, పీట దగ్గరికి వచ్చాడు, ఆగకుండా దాన్ని దాటి గల్లీలోకి వెళ్లి, షెడ్డు తలుపు నెట్టి లోపలికి పోయాడు. సాంచెల మోతను మించిన కేక ఆయనది. "జర బంద్ చేయండ్రి బిడ్డా. మా తమ్ముడు మాట్లాడుతుండు."

లోపల సాంచెలు నడిపేదంతా మా వైపు పిల్లలే. ఒక సాంచె ఆగింది, దాని పక్కది ఆగింది, అట్లా ఒక్కొక్కటే ఆగుతూ వెళ్లి అన్నీ ఆగిపోయాయి. పట్టపగలు ఆ గల్లీలో ఆ నిశ్శబ్దం నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు, చెవులు పోయాయేమో అనిపించింది. ఎవరింట్లోనో కుక్కరు ఈల వేయడం కూడా వినిపించింది. పెద్దబాపు తిరిగొచ్చి, చెమట తుడుచుకొని, పీటకు కొంచెం దూరంగా నేల మీద కూర్చొని, "ఇగ పెట్టు" అన్నాడు.

అమ్మ పెట్టింది. ఈసారి ఆమె చూపుడు వేలు ఆపే బటను మీదే ఉంది. బాపు మాట కాగానే టక్కున ఆపేది, అయ్యగారి మంత్రం కాగానే వదిలేది, ఆయన ఎంత సాగదీసినా సరే, తెగిన చోట ఆపి, కొసలు కలిపి, మళ్లీ వదిలేది, కండెల మిషను దగ్గర రోజూ చేసే పనే. బాపు తన తండ్రి పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు, గోత్రం చెప్పాడు. నేను నీళ్లు పోస్తుంటే అమ్మ రెండో చేత్తో పిల్లవాడి కాళ్లు కడిగింది, అక్క చెయ్యి పట్టి అతని చేతిలో పెట్టింది. నా బిడ్డను నీ చేతుల పెడుతున్న అన్నాడు బాపు, సరిగ్గా అప్పుడే.

ఇక అయిపోయిందనుకొని అయ్యగారు అక్షింతల కోసం చెయ్యి చాచాడు. టేపు ఆగలేదు. బాపు గొంతు సవరించుకొని, ఎవరూ చెప్పమనని మాట ఒకటి చెప్పాడు. "బిడ్డా, ఏడుస్తున్నవా?" అని అడిగి ఆగాడు.

అమ్మ బటను నొక్కలేదు. అది ఆయన వదిలిన జాగ. ఎప్పుడూ అక్కకు చిన్న జాగ వదిలే మనిషి ఆ రోజు చాలా పెద్దది వదిలాడు. పందిరి పందిరంతా మస్కట్‌లోని ఆ గదిని వింటూ కూర్చుంది, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, దూరంగా ఎవరో తలుపు వేసిన చప్పుడు. అక్క తల ఎత్తింది. మాటకు ఒక మాట చెప్పే మా అక్క, పెళ్లికూతురు, అంతమందిలో గొంతెత్తి పీట వైపు చూసి మాట్లాడింది. "ఏడుస్తలేను బాపూ. అమ్మ మంచిగనే చేసింది. నువ్వు ఏడువకు." తరువాత బాపు ఊఁ అన్నాడు. మంచిగుండు బిడ్డా అన్నాడు. పెద్దబాపు కండువాతో ముఖం కప్పుకొని భుజాలు కదిలేలా ఏడ్చాడు.

ఊరికి రమ్మన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. తప్పయిందని కూడా అనలేదు, అనే మనిషి కాదు. కాని ఆ తరువాత సూరత్‌కు ఎన్నిసార్లు వచ్చినా, ఆ పీట ఖాళీగా ఉన్నా, దాని మీద కూర్చోలేదు. గోడకు ఆనుకొని నేల మీద కూర్చొని అన్నం తినేవాడు. నేను పరీక్షలు రాశాను, చదివాను, అమ్రోలిలో తెలుగు బడిలో టీచరునై రిటైరయ్యాను. ఇప్పుడు అక్కడ మన పిల్లలు తగ్గిపోయారు, అందరూ ఇంగ్లీషు బడులకే, దానికి నేనేం చేస్తాను. బాపు కొన్నేళ్లకు పని ముగించుకొని వచ్చాడు. రైల్వే స్టేషను నుంచి నేరుగా అదే ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, టేపు రికార్డరు తీసి కింద పెట్టి, తన పీట మీద తాను కూర్చున్నాడు. ఇప్పుడు ఆయనా లేడు, అమ్మా లేదు, ఆ పీటా టేపు రికార్డరూ నా దగ్గరికి చేరాయి.

ఇదంతా మనవరాలికి చెప్పి, అటక మీది టేపు రికార్డరు దింపాను. రబ్బరు బెల్టు పోయింది, మోటారు బిగుసుకుపోయింది, బజారులో ఎవరూ దాని మీద చెయ్యి పెట్టలేదు, చివరికి ఒక ముసలి మియా భాయ్ ఇష్టంగా కూర్చొని బాగుచేసి ఇచ్చాడు. పెళ్లి క్యాసెట్టు పెట్టాను. బాపు గొంతు కొంచెం అరిగింది, అయినా బాపుదే. బిడ్డా, ఏడుస్తున్నవా అని అడిగి ఆగాడు. మనవరాలు, బంద్ హో గయా నానమ్మా అంటూ బటను నొక్కబోయింది. దాని చెయ్యి పట్టుకున్నాను. ఆగు, అది బంద్ కాలేదు, మనం మాట్లాడే జాగ అని చెప్పాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం మా అబ్బాయి దోహా నుంచి వీడియోలో కనిపిస్తాడు. ముఖం కనిపిస్తుంది, వేసుకున్న చొక్కా కనిపిస్తుంది, వెనక గోడ రంగు కూడా కనిపిస్తుంది, నేను కాదనడం లేదు, మా అమ్మ అది చూస్తే మొక్కేది. కాని ఇటునుంచి ముగ్గురం, అటునుంచి ఒకడు, అందరం ఒకేసారి మాట్లాడతాం, ఒకరి మాట మీద ఒకరి మాట పడుతుంది, ఫోను పెట్టేశాక ఎవరు ఏం చెప్పారో ఎవరికీ గుర్తుండదు. అంత దూరం నుంచి ఒక్క మాట రావడానికి నెలలు పట్టిన కాలంలో మా బాపు మా జవాబు కోసం ఆగేవాడు, ఇప్పుడు క్షణంలో వచ్చే మాటకు ఆగే తీరిక ఎవరికీ లేదు.

నిన్న సాయంత్రం ఫోను మోగితే మనవరాలు దాన్ని తీసుకెళ్లి ఆ పాత పీట మీద నిలబెట్టింది. "పప్పా, ఈరోజు ఏం తిన్నారు?" అని అడిగి, నోరు గట్టిగా మూసుకొని, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. కోడలు ఏదో చెప్పబోతే ఉష్ అంది. మా అబ్బాయి అటునుంచి, హలో, హలో, ఆవాజ్ పోయిందా అంటున్నాడు. "పోలేదు పప్పా. మీకు జాగ వదిలిన" అంది. వాడికి చిన్నప్పుడు నేనే చెప్పిన కథ కదా, హలో అనడం ఆపేశాడు. ఆ జాగలో దోహాలో వాడి గది వినిపించింది, ఎవరో దగ్గారు.

ఆ హజీరా ఆవిడ మళ్లీ ఎక్కడైనా కనిపిస్తే మా ఇంటికి భోజనానికి పిలుస్తాను. ఎక్కడైనా కూర్చోమంటాను, ఆ పీట మీద మాత్రం కాదు.